హిక్సన్ 90: గెలాక్సీల నడుమ చెదిరిన వెలుగు కోసం – ప్రాజెక్టు డైరీ

మొదటి వారం: గుంపు, లెక్క

దక్షిణ మీనం నక్షత్రమండలంలో ఉన్న చిన్న గెలాక్సీల గుంపు హిక్సన్ 90. పాల్ హిక్సన్ 1982లో పాలొమార్ సర్వే ఫొటోల్లోంచి ఏరి కూర్చిన నూరు ఇరుకు గుంపుల జాబితాలో ఇది తొంభయ్యోది. సభ్యులు నలుగురు: ఎన్‌జీసీ 7172, 7173, 7174, 7176. చివరి మూడూ రెండు ఆర్క్ నిమిషాల లోపే ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. (డిగ్రీలో అరవయ్యో వంతు ఆర్క్ నిమిషం, అందులో అరవయ్యో వంతు ఆర్క్ సెకను. ఇకపై కోణాల దగ్గర నిమిషం, సెకను అంటే ఇవే.) 7172 వాటికి ఉత్తరంగా ఆరేడు నిమిషాల దూరంలో, నడుమ ధూళిపట్టీతో కనిపిస్తుంది. 7173, 7176 దీర్ఘవృత్తాకార గెలాక్సీలు. 7174 సర్పిలం, పక్కవాటి లాగుడికి మెలితిరిగిపోయింది. రెడ్‌షిఫ్ట్ (గెలాక్సీ దూరంగా జరుగుతున్నందుకు వెలుగు ఎరుపు వైపు జరిగిన మేర) 0.0088, అంటే దూరం సుమారు 37 మెగాపార్సెక్‌లు, రమారమి 12 కోట్ల కాంతి సంవత్సరాలు. ఆ దూరంలో ఒక ఆర్క్ నిమిషం దాదాపు 11 కిలోపార్సెక్‌లు.

ఆ లాగుడులో ఊడిపడిన నక్షత్రాలు ఇప్పుడు ఏ గెలాక్సీకీ చెందకుండా గుంపు మొత్తం ఆకర్షణలో తిరుగుతుంటాయి. వాటి వెలుగే గుంపులోపలి కాంతి. హిక్సన్ 90 మీద 2003లో వచ్చిన పరిశీలన ఈ చెదిరిన వెలుగు మొత్తం వెలుగులో 38 నుంచి 48 శాతం దాకా ఉందని చెప్పింది. ఇంకో ఇరుకు గుంపు హిక్సన్ 88లో 2005 నాటి పరిశీలనకు చెప్పుకోదగ్గ చెదిరిన వెలుగేమీ దొరకలేదు. ఒకే జాబితాలోని గుంపుల మధ్య ఇంత తేడా ఎందుకు? కొంత నిజంగా వాటి వయసులో, గొడవల చరిత్రలో ఉంది. కొంత కొలిచే పద్ధతిలో ఉంది. ఆ రెండో వాటా ఎంతో తేల్చడమే ఈ పని. హిక్సన్ 90ని వేరే కెమెరాతో, ఆకాశపు వెలుగును నాలుగైదు రకాలుగా తీసివేసి, మళ్లీ కొలుస్తున్నాం.

కెమెరా డీక్యామ్. చిలీలో సెర్రో టొలోలో మీద ఉన్న 4 మీటర్ల బ్లాంకో టెలిస్కోపు ముఖ్యనాభి దగ్గర బిగించింది. 62 సీసీడీలు (వెలుగును ఎలక్ట్రాన్లుగా మార్చే చిప్పులు), ఒక్కోటీ 2048 × 4096 పిక్సెళ్లు, పిక్సెల్‌కు 0.263 ఆర్క్ సెకన్లు, మొత్తం 2.2 డిగ్రీల వ్యాసం గల వీక్షణం. హిక్సన్ 90 దూరంలో ఆ వీక్షణం 1.4 మెగాపార్సెక్‌లు. అంటే గుంపు చుట్టూ నిజమైన ఖాళీ ఆకాశం ఒకే ఫ్రేములో కావలసినంత దొరుకుతుంది. ఈ కెమెరాను ఎంచుకోవడానికి అద్దం సైజు కన్నా ఇదే పెద్ద కారణం. పైగా గుంపు డిక్లినేషన్ (ఆకాశంలో అక్షాంశం లాంటిది) దాదాపు −32°, సెర్రో టొలోలో అక్షాంశం −30°. గుంపు అక్కడ నడినెత్తికి రెండు డిగ్రీల లోపు నుంచే దాటుతుంది కాబట్టి ఆ సమయంలో గాలిపొర మందం దాదాపు కనిష్ఠమే.

లెక్క ఇలా వేశాం. చీకటి రాత్రి ఆర్ (ఎరుపు) ఫిల్టర్‌లో ఆకాశం చదరపు ఆర్క్ సెకనుకు సుమారు 21 మాగ్నిట్యూడ్లు (ఈ అంకె పెరిగేకొద్దీ వెలుగు మసక). వెతికే వెలుగు 26 అయితే అది ఆకాశంలో 1 శాతం. 27 అయితే 0.4 శాతం, 28 అయితే 0.16, 29 అయితే 0.063. ఆర్‌లో సెకనుకు ఒక ఎలక్ట్రాన్ ఇచ్చే మాగ్నిట్యూడ్ (దీన్నే జీరోపాయింట్ అంటారు) 26.8 అనుకుంటే, 90 సెకన్ల ఎక్స్‌పోజర్‌లో ఆకాశం చదరపు ఆర్క్ సెకనుకు 18,800 ఎలక్ట్రాన్లు పోస్తుంది, పిక్సెల్‌కు 1,300. చిప్పును చదివేటప్పుడు చేరే గోల (రీడ్ నాయిస్) ఏడు ఎలక్ట్రాన్ల చిల్లర, దాన్ని మరచిపోవచ్చు. 28 మాగ్నిట్యూడ్ల వెలుగు ఇచ్చేది చదరపు ఆర్క్ సెకనుకు 30 ఎలక్ట్రాన్లు. 10 × 10 ఆర్క్ సెకన్ల గడిలో చూస్తే సంకేతం 3,000, గోల 1,370. ఒక్క 90 సెకన్ల ఫ్రేములోనే సంకేతం గోలకు రెట్టింపు పైన! పది ఫ్రేములు కలిపితే ఏడు రెట్లు.

కాబట్టి ఫోటాన్ల కొరత లేదు. 0.16 శాతం దగ్గర ఫ్లాట్ (పిక్సెళ్ల సున్నితత్వ తేడాలను సరిచేసే ఫ్రేము) ఎంత నిజాయితీగా ఉంది, ఆకాశాన్ని ఎంత జాగ్రత్తగా తీసేశాం అన్నవే మిగిలే ప్రశ్నలు. మిగతా డైరీ అంతా ఆ రెంటి గురించే.

రెండో వారం: ఫ్రేములు ఏరడం

డీక్యామ్ ఫ్రేములు సొంత హక్కు గడువు తీరాక అమెరికా ఖగోళ పరిశోధనశాల నోయిర్‌ల్యాబ్ ఆర్కైవ్‌లో అందరికీ దొరుకుతాయి. ఈ దిక్కున ఉన్నవి ఎక్కువగా సర్వేల 90 సెకన్ల ఎక్స్‌పోజర్లు. ఆర్కైవ్‌లో ప్రతి ఎక్స్‌పోజర్‌కూ ముడి ఫ్రేము ఉంటుంది, పైప్‌లైన్ (వరుస సవరణలు చేసే సాఫ్ట్‌వేర్) శుభ్రం చేసిన ఫ్రేము ఉంటుంది, వాటికి తోడు మాస్కు (లెక్కలోంచి వదిలేయాల్సిన పిక్సెళ్ల పటం), వెయిట్ (ఏ పిక్సెల్‌ను ఎంత నమ్మవచ్చో చెప్పే పటం) ఫైళ్లు ఉంటాయి. పేర్చి కలిపేసిన స్టాక్ కూడా దొరుకుతుంది, అది వద్దు. సర్వే స్టాకులు చిన్న గెలాక్సీలు, నక్షత్రాల కోసం చేసినవి. వాటిలో ఆకాశాన్ని స్థానికంగా తీసేస్తారు, దానితో పెద్ద విస్తరణ గల వెలుగు ముందే పోయి ఉంటుంది. పోయిన వెలుగును తర్వాత తిరిగి తెచ్చే మార్గం లేదు.

ఏరడానికి పెట్టుకున్న షరతులు: చంద్రుడు క్షితిజం కింద ఉండాలి. గాలిపొర మందం, నడినెత్తిన 1 అనుకుంటే, 1.3 లోపు ఉండాలి. వరుస ఫ్రేముల మధ్య నక్షత్రాల జీరోపాయింట్ మాగ్నిట్యూడ్‌లో వందో వంతులు రెండు మూడింటి కన్నా ఎక్కువ ఊగకూడదు. ఊగితే సన్న మబ్బు ఉన్నట్టే. సన్న మబ్బు నక్షత్రాలను మసకబరచడం పెద్ద నష్టం కాదు, నేపథ్యంలో గీతలు వేయడం నష్టం. సీయింగ్ (గాలి కదలికకు నక్షత్రం ఉబ్బి కనిపించే మేర) 1.5 సెకన్లున్నా ఉంచాం. చెదిరిన వెలుగుకు పదును అక్కర్లేదు. నక్షత్రాలు కొలిచేవాళ్లు పారేసే ఫ్రేములు ఈ పనికి చక్కగా పనికొస్తాయి.

అన్నిటికన్నా ముఖ్యమైన షరతు డిదర్, అంటే ఫ్రేము ఫ్రేముకూ టెలిస్కోపు గురిని కాస్త జరపడం. సీసీడీ సైజు 18 × 9 నిమిషాలు. గుంపు నడిమి ముగ్గురి చుట్టూ వెలుగు ఐదారు నిమిషాలు పాకి ఉంటుందని అనుకుంటే, అది ఒక సీసీడీ వెడల్పులో సగానికి పైనే. ఫ్రేము నుంచి ఫ్రేముకు కనీసం 10 నిమిషాలు జరిగి, గుంపు వేరే వేరే సీసీడీల మీద పడాలి. ఐదు నిమిషాలే జరిగిన వరుసలు ఎంత లోతుగా ఉన్నా పక్కన పెట్టేశాం. సీసీడీకి సంబంధించిన ప్రతి తప్పూ అక్కడక్కడే పేరుకుని గుంపు వెలుగులాగే కనిపిస్తుంది మరి.

డిస్కు: ఒక శుభ్రమైన ఫ్రేము 52 కోట్ల పిక్సెళ్లు, పిక్సెల్‌కు 4 బైట్లు, అంటే 2 జీబీ. వెయిట్ ఫైలుతో 4 జీబీ. జీ (ఆకుపచ్చ), ఆర్ ఫిల్టర్లు రెంటికీ కలిపి 60 ఎక్స్‌పోజర్లకు 250 జీబీ దాకా పడుతుంది. ఫ్లాట్ కోసం కావలసిన వేరే ఆకాశపు ఫ్రేములు, మధ్య దశల కాపీలు కూడా ఉంచుకోవాలి గనక 1 టీబీ డిస్కు కేటాయించాం. మధ్య కాపీలు తుడిచేస్తే ఎక్కడ తప్పు దొర్లిందో పట్టుకోలేం.

మూడో వారం: పాడైన సీసీడీలు, ఫ్లాట్

ముందు మూడు సీసీడీలు తీసేశాం. 61వది 2012 నవంబరులో పాడైంది. 2వది 2013 నవంబరు నుంచి 2016 డిసెంబరు దాకా పనిచేయలేదు. ఆ తర్వాతి ఫ్రేముల్లో బాగానే ఉన్నా రాత్రుల మధ్య తేడా రాకూడదని అన్నిటా వదిలేశాం. 31వ దానిలో సగభాగం గెయిన్ (ఎలక్ట్రాన్లను అంకెలుగా మార్చే నిష్పత్తి) నిలకడగా ఉండదు. మామూలు ఫొటోమెట్రీకి (వెలుగు కొలతకు) ఓర్చుకోవచ్చు, 0.1 శాతం పనికి కుదరదు.

క్రాస్‌టాక్ సవరణ చూసుకోవడం తప్పనిసరి. ఒక యాంప్లిఫయర్‌లో (సీసీడీలోని సంకేతాన్ని చదివే భాగంలో) పడిన ప్రకాశవంతమైన నక్షత్రం ఇంకో యాంప్లిఫయర్‌లో వెయ్యో వంతు స్థాయిలో నీడలా తేలుతుంది. సాచురేట్ అయిన (పిక్సెళ్లు నిండిపోయిన) నక్షత్రానికైతే ఆ నీడ మన 28 మాగ్నిట్యూడ్ల వెలుగు కన్నా ఎన్నో రెట్లు. సవరించాక కూడా ఆ చోట్లను మాస్కులో చేర్చాం.

ఇక ఫ్లాట్. గోపురం లోపలి తెర మీద దీపం వేసి తీసే డోమ్ ఫ్లాట్ పిక్సెల్ నుంచి పిక్సెల్‌కు ఉండే తేడాను బాగా పడుతుంది. పెద్ద విస్తరణలో మాత్రం నమ్మడానికి లేదు: కటకాల మధ్య ప్రతిఫలించిన వెలుగు వీక్షణం నడుమ పెద్ద వడ ఆకారంలో పడుతుంది, దాన్ని ఫ్లాట్ సున్నితత్వంగా పొరబడుతుంది. అందుకే పని రెండుగా చీల్చాం. చిన్న వివరం డోమ్ ఫ్లాట్ నుంచి, పెద్ద ఆకారం రాత్రి ఆకాశపు ఫ్రేముల నుంచి.

రాత్రి ఫ్రేములతో ఫ్లాట్ చేస్తే గోల ఎంతో లెక్క: పిక్సెల్‌కు 1,300 ఎలక్ట్రాన్లంటే 2.8 శాతం గోల. వేర్వేరు దిక్కుల 50 ఫ్రేముల మధ్యస్థం తీస్తే 0.5 శాతం. నేరుగా పిక్సెళ్ల మీద వేస్తే ఫ్రేము పాడవుతుంది. 64 × 64 పిక్సెళ్ల గడులుగా సగటు చేస్తే 0.008 శాతానికి దిగుతుంది, అది చాలు. ఆ గడుల పటాన్ని నునుపు చేసి డోమ్ ఫ్లాట్‌ను దానితో సవరించాం.

ఇక్కడే మొదటి దెబ్బ తగిలింది. రాత్రి ఫ్లాట్‌లో గుంపున్న ఫ్రేములనూ కలిపాం. మాస్కు వేశాం కదా, ఫరవాలేదనుకున్నాం. కానీ మాస్కు అంచు దాటి పాకిన వెలుగునే కదా వెతుకుతున్నది! ఆ వెలుగు ఫ్లాట్‌లోకి చేరి, భాగహారంలో తననే తాను చెరిపేసుకుంది. స్టాక్‌లో గుంపు చుట్టూ చదునైన, అనుమానాస్పదంగా శుభ్రమైన ఆకాశం వచ్చింది. గుంపు దిక్కు ఫ్రేములన్నీ ఫ్లాట్ జాబితా నుంచి తీసేసి, కనీసం 5 డిగ్రీల అవతలి ఆకాశంతో మళ్లీ చేశాక అంచుల వెలుగు తిరిగొచ్చింది. అదే రాత్రి, అదే ఫిల్టర్, వేరే దిక్కు – ఫ్లాట్‌కు ఇదే సూత్రంగా పెట్టుకున్నాం.

నాలుగో వారం: మాస్కులు

ఆకాశం స్థాయి కట్టాలంటే ముందు ఆకాశం కానిదాన్నంతా కప్పాలి. వస్తువులను గుర్తించే సాఫ్ట్‌వేర్ సోర్స్ ఎక్స్‌ట్రాక్టర్‌తో మొదలుపెట్టి, అదే పని చేసే నాయిస్‌చిజెల్‌కు మారాం. కారణం: మొదటిది గోలకు పైన ఒక గీత గీసి దాని పైవి పడుతుంది, గెలాక్సీల పలుచని శివార్లు గీత కిందే ఉండిపోతాయి. రెండోది గోల స్థాయి లోపలికి దిగి, అక్కడి పిక్సెళ్లు ఒకదానికొకటి అతుక్కుని ఉన్న తీరును బట్టి వస్తువు హద్దును సాగదీస్తుంది. ఈ పనికి అదే కావాలి.

రెండు విడతలు తప్పవు. ఒక్కో ఫ్రేములో కనిపించని మసక గెలాక్సీలు స్టాక్‌లో కనిపిస్తాయి. మొదటి విడత మాస్కుతో ముతక స్టాక్ చేసి, దాని మీద లోతైన మాస్కు గీసి, దాన్ని ప్రతి ఫ్రేము మీదకు తిరిగి పరిచి ఆకాశాన్ని మళ్లీ కట్టాం. మూడో విడత వేసి చూస్తే తేడా రాలేదు, ఆపేశాం.

మాస్కును ఎంత పెంచాలన్నదానికి పరీక్ష సులువు. మాస్కును 5, 10, 20, 40 పిక్సెళ్లు పెంచుతూ మిగిలిన ఆకాశపు మధ్యస్థం గీయండి. దిగి దిగి ఎక్కడ చదునవుతుందో అక్కడ ఆగాలి. గుంపు చుట్టూ మాత్రం ఈ పరీక్షను నమ్మకుండా 15 నిమిషాల వ్యాసార్ధపు గుండ్రం మొత్తం కప్పేశాం. అది 160 కిలోపార్సెక్‌లు. ఆ లోపల ఆకాశం ఎంతో బయటి నుంచే ఊహించాలి, లోపలి పిక్సెల్ ఒక్కటీ ఆ లెక్కలో ఓటు వేయకూడదు.

ఐదో వారం నుంచి ఎనిమిదో వారం: ఆకాశం తీసివేత

నాలుగు వారాలు పట్టింది. పట్టాల్సిందే.

సోర్స్ ఎక్స్‌ట్రాక్టర్ నేపథ్యపు గడి డిఫాల్ట్‌గా 64 పిక్సెళ్లు. డీక్యామ్‌లో అది 17 ఆర్క్ సెకన్లు. అంత చిన్న గడితో ఆకాశం కడితే గుంపులోపలి వెలుగంతా ఆకాశమని లెక్కకట్టి తీసేస్తుంది. ఫలితం గెలాక్సీల చుట్టూ నల్లటి గుంట. చేటలో చెరిగేటప్పుడు పొట్టుతో పాటు గింజ కూడా ఎగిరిపోయినట్టు. 256కు పెంచితే గుంట వెడల్పై లోతు తగ్గుతుంది, పోదు. సీసీడీకి ఒక సమతలం చొప్పున తీసేస్తే గుంట సీసీడీ అంచుల దాకా సాగుతుంది. సీసీడీ వెడల్పు 9 నిమిషాలే కదా, గుంపు పడిన సీసీడీలో చెప్పుకోదగ్గ ఆకాశమే మిగలదు.

అందుకే వీక్షణం మొత్తానికి, 59 సీసీడీలకూ కలిపి, ఒకే ఉపరితలం. ఆకాశపు వాలుకు కారణాలు తెలిసినవే: పై వాతావరణంలో ఆక్సిజన్, హైడ్రాక్సిల్ మెరుపు రాత్రంతా అలల్లా కదులుతుంది; గ్రహధూళి కాంతి క్రాంతివృత్తం వైపు వాలుతుంది; క్షితిజం వైపు గాలిపొర మందమవుతుంది. ఇవన్నీ 2 డిగ్రీల విస్తీర్ణంలో దాదాపు సమతలాలే. మొదటి స్థాయి బహుపది చాలావరకు సరిపోతుంది. రెండో స్థాయితో కొన్ని ఫ్రేములు మెరుగయ్యాయి. నాలుగో స్థాయికి వెళ్తే కప్పిన 15 నిమిషాల గుండ్రంలో ఉపరితలం తనంతట తాను ఉబ్బడమో కుంగడమో మొదలెడుతుంది, ఎందుకంటే అక్కడ దాన్ని పట్టుకునే పిక్సెళ్లు లేవు. చూడటానికి నాలుగో స్థాయి తర్వాతి ఫ్రేమే అందంగా ఉంటుంది. ఆ అందానికి లొంగకూడదు.

దీనికి తోడు ప్రధాన అంశాల విశ్లేషణ. ఒకే ఫిల్టర్‌లో ఒకే కాలపు వందలాది ఫ్రేములను ముతక గడులుగా చేసి, వాటిలో పదేపదే వచ్చే ఆకారాలను విడదీస్తే మొదటి నాలుగైదింటిలోనే దాదాపు అంతా ఉంటుంది: సగటు ఆకాశం, రెండు వాలులు, ప్రతిఫలన వడ. ఇదే కెమెరాతో నడిచిన డార్క్ ఎనర్జీ సర్వే వాళ్లు కూడా ఆకాశాన్ని ఇలాగే కొద్ది మూసలతో తీశారు. లాభం ఏమిటంటే, గుంపు ప్రతి ఫ్రేములో వేరే చోట పడుతుంది కాబట్టి దాని ఆకారం ఈ మూసల్లోకి చేరదు. బహుపదికి ఆ భరోసా లేదు. ఇప్పుడు నాలుగు మూసలు మాత్రమే వాడుతున్నాం. ఆరుకు పెంచితే మిగిలిన వాటిలో విడి ఫ్రేముల ప్రత్యేకతలు చేరాయి.

ఎంత బాగా వచ్చిందో చెప్పే కొలత: మాస్కు కానిచోట 1 × 1 నిమిషం గడులు వందకు పైగా పెట్టి, ఒక్కోదాని మధ్యస్థం తీసి, ఆ మధ్యస్థాల చెదురు చూడాలి. ఫోటాన్ గోల ప్రకారం రావలసిన చెదురు కన్నా ఇది ఎప్పుడూ ఎక్కువే ఉంటుంది. ఆ ఎక్కువే నిజమైన తప్పు. సాధారణంగా ప్రకటించే లోతు (ఎంత మసక వెలుగు దాకా పట్టగలమన్నది), అంటే 10 × 10 సెకన్ల గడిలో 3 సిగ్మా (గోలకు మూడు రెట్లు), పిక్సెల్ గోల నుంచి సూత్రంతో కట్టేది. అందులో ఈ పెద్ద తప్పులు అసలు కనిపించవు. 29.5 అని రాసుకుని 28 దగ్గర గుంట ఉన్న స్టాకు కూడా తయారవుతుంది. మా గీత: 1 నిమిషం గడుల చెదురు ఆకాశంలో 0.05 శాతం లోపు ఉండాలి, ఆర్‌లో సుమారు 29.25కి సమానం. ఆర్‌లో గీత లోపలికి వచ్చాం. జీలో ఇంకా రాలేదు. రెండు రాత్రుల ఫ్రేములు తక్కినవాటితో కలవడం లేదు, వాటిని తీసేయడమే దారిలా ఉంది.

ఇంకొకటి గుర్తుంచుకోవాలి. సున్నా అనేది ఎప్పుడూ సాపేక్షమే. వీక్షణం మొత్తం ఒకేలా పరచుకున్న వెలుగు ఏదైనా ఉంటే అది ఆకాశంతో పాటు పోతుంది. మనం కొలిచేది 15 నిమిషాల అవతలితో పోల్చినప్పుడు లోపల ఎంత ఎక్కువ అన్నదే.

తొమ్మిదో వారం: నక్షత్రాల రెక్కలు

నక్షత్రం చుక్క కాదు. దాని వెలుగులో కొంత అద్దం మీది ధూళి, వాతావరణం, లోపలి ప్రతిఫలనాల వల్ల డిగ్రీల దూరం దాకా చెదురుతుంది. ఇవాన్ కింగ్ 1971లోనే ఈ రెక్కలు దూరపు వర్గానికి విలోమంగా తగ్గుతాయని చూపించాడు. అంటే పది రెట్లు దూరం వెళ్తే 5 మాగ్నిట్యూడ్లే తగ్గుదల: ఒక నిమిషం దగ్గర 26 ఉంటే పది నిమిషాల దగ్గర 31. గెలాక్సీ కేంద్రాలకూ ఇదే వర్తిస్తుంది. 7173, 7176 ప్రకాశవంతమైన నడుములు వేసే రెక్కలు ఒకదానిమీద ఒకటి పడి, గుంపులోపలి వెలుగుగా వేషం కట్టగలవు. ఈ సంగతి లెక్కలోకి తీసుకోని పాత కొలతలు ఎక్కువ శాతాలు చెప్పి ఉండవచ్చని మా అభిప్రాయం.

రెక్కల పటం మూడు ముక్కలుగా కట్టి అతికించాం. 90 సెకన్ల ఫ్రేములో 15–16 మాగ్నిట్యూడ్ల దగ్గరే నక్షత్రాలు సాచురేట్ అవుతాయి. అందుకే కేంద్రపు ముక్కకు 17–19 మాగ్నిట్యూడ్ల నక్షత్రాలు. మధ్య ముక్కకు 12–14వి, వాటి నడుము పనికిరాకపోయినా 5 నుంచి 60 సెకన్ల దూరం బాగుంటుంది. బయటి ముక్కకు 8 కన్నా ప్రకాశవంతమైనవి, నిమిషాల దూరాలకు. అతికే చోట రెండు ముక్కలూ కొలవగలిగిన వలయం ఒకటి ఉండాలి, దాన్లో నిష్పత్తి కట్టి హెచ్చించాలి. ఆ వలయం నడుముకు మరీ దగ్గరగా పెడితే సాచురేషన్ చెడగొడుతుంది, మరీ దూరం పెడితే ఆకాశపు తప్పు చెడగొడుతుంది. 8 నుంచి 15 సెకన్ల మధ్య కుదిరింది.

పటం ఎంత పెద్దదిగా ఉండాలి? కొలవదలచిన దూరానికి కనీసం ఒకటిన్నర రెట్లు. 6 నిమిషాల దాకా వెలుగు కొలవాలంటే 9 నిమిషాల పటం. మొదట 3 నిమిషాల దగ్గర ఆపేశాం. గెలాక్సీ నమూనాలను దానితో కలగలిపినప్పుడు సరిగ్గా 3 నిమిషాల దగ్గర మెట్టు వచ్చింది. నిజమైన వెలుగుకు అలాంటి మెట్టుండదు. ఆ మెట్టే తప్పును పట్టించింది.

ప్రకాశవంతమైన నక్షత్రాల ప్రతిఫలన వలయాలు వేరు సంగతి. అవి నక్షత్రం చుట్టూ కాక, వీక్షణం నడుము నుంచి బయటికి జరిగి పడతాయి. ఫ్రేమును బట్టి చోటు మారుతుంది కాబట్టి డిదర్, క్లిప్పింగ్ (మిగతావాటికి బాగా దూరంగా పడిన విలువలను వదిలేయడం) కలిసి చాలావరకు తీసేస్తాయి.

పదో వారం: పేర్చడం

ఫ్రేములను పేర్చి కలిపే సాఫ్ట్‌వేర్ స్వార్ప్ వాడాం. దాని డిఫాల్ట్ సెట్టింగుల్లో నేపథ్యపు తీసివేత వెలిగే ఉంటుంది, గడి 128 పిక్సెళ్లు. ఆపడం మరచిపోతే ఐదు నుంచి తొమ్మిది వారాల పని ఒక్క కమాండ్‌తో మట్టిలో కలుస్తుంది. ఆ వరుసను కాన్ఫిగ్ ఫైలులో అన్నిటికన్నా పైన పెట్టాం.

కలపడం క్లిప్ చేసిన సగటుతో. మధ్యస్థం తేలికే కానీ గోల 25 శాతం పెరుగుతుంది. లాంజోస్ మార్గంలో (చుట్టుపక్కల పిక్సెళ్ల విలువలు కలిపి లెక్కకట్టే పద్ధతిలో) పిక్సెళ్లు సర్దినప్పుడు పక్కపక్క పిక్సెళ్ల గోల ఒకదానితో ఒకటి ముడిపడుతుంది, పిక్సెల్ సిగ్మా ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. దానితో లోతు కడితే ఊరికే గొప్ప వస్తుంది. కాబట్టి లోతును 9 × 9 పిక్సెళ్లు, అంటే 2.4 సెకన్లు, కూడిన స్టాక్ మీదే కట్టాం.

ఆర్ స్టాక్‌లో ముగ్గురి చుట్టూ ఒకే గొడుగులా వెలుగు స్పష్టంగా ఉంది. 7173 వైపు కాస్త సాగి ఉంది. 7172తో కలిపే వంతెన ఏమైనా ఉందా అన్నది ఈ లోతులో తేల్చలేం.

పదకొండో వారం: పాలపుంత ధూళి

మన గెలాక్సీలోని సన్న ధూళిమేఘాలు నక్షత్రకాంతిని ప్రతిఫలించి 26–28 మాగ్నిట్యూడ్ల పోగులుగా కనిపిస్తాయి. గుంపులోపలి వెలుగుకు అచ్చంగా కవల. హిక్సన్ 90 గెలాక్సీ అక్షాంశం −53°, కాబట్టి ముప్పు తక్కువ, లేకపోలేదు. ప్లాంక్ ఉపగ్రహపు పటం 5 నిమిషాల పదునుతో ఉంటుంది, గుంపు నడిమి ముగ్గురూ దానిలో ఒక చుక్క. వైజ్ ఉపగ్రహపు 12 మైక్రాన్ల ధూళిపటం 15 సెకన్ల పదును కాబట్టి పక్కపక్కన పెట్టి చూడటానికి అదే మేలు.

రంగు పరీక్ష ఇంకా గట్టిది. ఇక్కడ రంగు అంటే రెండు ఫిల్టర్లలో మాగ్నిట్యూడ్ల తేడా. 2020లో వచ్చిన పద్ధతి ప్రకారం ఆర్–ఐ రంగు, జీ–ఆర్ రంగును 0.43తో హెచ్చించి 0.06 తీసేసిన విలువ కన్నా తక్కువైతే అది ధూళి. గెలాక్సీల వెలుగు సాధారణంగా పైన పడుతుంది. దీనికి ఐ (దగ్గరి పరారుణ) ఫిల్టర్ కావాలి. పథకంలో లేదు, ఇప్పుడు చేర్చాం. ఐలో ఫ్రింజింగ్ (చిప్పు లోపలి ప్రతిఫలనాల వల్ల పడే చారలు) కొంచెం ఉంటుంది, దాని సవరణ కొత్త పని. మూడు ఫిల్టర్లతో మొదలుపెట్టి ఉండాల్సింది. ఇలాంటి పనికి దిగే వాళ్లెవరైనా అలాగే దిగండి.

పన్నెండో వారం, ఇప్పటి స్థితి: ఎవరి వెలుగు ఎవరిది

గెలాక్సీ ఎక్కడ ఆగుతుంది, గుంపు వెలుగు ఎక్కడ మొదలవుతుంది? ప్రకృతిలో గీత లేదు. గీసేవాళ్ల గీతే. అందుకే మూడు విధాలా కడుతున్నాం.

మొదటిది 26.5 కన్నా మసకైనదంతా గుంపుదే అనడం. సులువు, అందరూ మళ్లీ చేసి చూడగలరు. కానీ హిక్సన్ 90 లాంటి ఇరుకు గుంపులో ముగ్గురి నడుమ వెలుగు 26.5 కన్నా ప్రకాశవంతంగానే ఉంటుంది, అదంతా గెలాక్సీల ఖాతాలో పడి శాతం తగ్గిపోతుంది.

రెండోది గెలాక్సీలకు నమూనాలు కట్టి తీసేయడం. 7173, 7176లకు గాల్‌ఫిట్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో సెర్సిక్ ఆకృతి (నడుము నుంచి వెలుగు తగ్గే తీరును చెప్పే సూత్రం; సూచిక పెరిగితే అంచులు దూరం సాగుతాయి), అతివిస్తృత రెక్కల పటంతో కలగలిపి. ఇక్కడ సెర్సిక్ సూచిక 6 దాటి పోతూ ఉంటే అనుమానించాలి: గుంపు వెలుగునంతా గెలాక్సీ తన అంచుల్లోకి లాక్కుంటోందన్నమాట. గుంపు వెలుగుకు వేరే పలుచని భాగం ఇస్తే సూచిక సర్దుకుంటుంది. 7174 మాత్రం ఏ దీర్ఘవృత్తానికీ లొంగదు. దాన్ని హద్దు గీసి మాస్కు చేసి, ఆ మాస్కు కింది వెలుగు మొత్తం గెలాక్సీదని ఒకసారి, చుట్టూ ఉన్న నేపథ్యం మేరకు గుంపుదని ఇంకోసారి కట్టి, రెంటినీ కింది, పై హద్దులుగా రాస్తాం.

మూడోది వేవ్‌లెట్ల విడదీత, అంటే చిత్రాన్ని అందులోని ఆకారాల సైజును బట్టి పొరలుగా విడగొట్టడం. నమూనా ఊహలు అక్కర్లేదు. కానీ ఏ సైజు పైన గుంపుది అన్న గీత మళ్లీ మనమే గీయాలి.

ఇవేవీ అంకెగా బయట పెట్టే ముందు నాటు పరీక్ష పూర్తి కావాలి. ఖాళీ ఆకాశంలో 12 చోట్ల కృత్రిమ వెలుగు నాటుతున్నాం: 26, 27, 28 మాగ్నిట్యూడ్ల నడుములతో, 2 నుంచి 5 నిమిషాల వ్యాసార్ధంతో. నాటేది స్టాక్‌లో కాదు, ఫ్లాట్ వేయకముందు ముడి ఫ్రేముల్లో, వాటి ఫోటాన్ గోలతో సహా, ప్రతి ఫ్రేములో డిదర్ ప్రకారం సరైన చోట. ఆ పైన ఫ్లాట్, మాస్కు, ఆకాశం, స్టాక్ అన్నీ మళ్లీ మొదటి నుంచి. స్టాక్‌లో నాటితే నాటినంతా తిరిగొస్తుంది, ఏమీ తెలియదు. నాటినదానిలో ఎంత తిరిగొచ్చిందన్న నిష్పత్తే మా కొలతకు సవరణ గుణకం.

ఆర్‌లో మొదటి నాలుగు చోట్ల పరుగు అయింది. 2 నిమిషాలవి దాదాపు పూర్తిగా తిరిగొస్తున్నాయి. 5 నిమిషాలవి 28 దగ్గర స్పష్టంగా తరుగుతున్నాయి. నాటిన చోట 15 నిమిషాల గుండ్రం కప్పకుండా పరిగెత్తించడం దీనికి కారణం కావచ్చు. అసలు గుంపుకు ఇచ్చిన రక్షణ నాటిన వాటికీ ఇవ్వాలి. మిగతా ఎనిమిదింటికి ఆ గుండ్రం మాస్కు చేర్చి, మొదటి నాలుగింటినీ కూడా తిరిగి నడుపుతున్నాం. ఒక్కో పరుగుకు రెండు రోజులు పడుతోంది. ఆ తర్వాత వరుస: జీలో ఆ రెండు రాత్రులు తీసేసి మళ్లీ మూసలు కట్టడం, ఐ ఫ్రేముల ఫ్రింజ్ పటం, రంగు పరీక్ష.